ఉత్తర అండమాన్‌కు వేసవి ప్రయాణం: కిలోమీటర్ల లెక్క ఎందుకు సరిపోదు?

ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ దగ్గర ఇప్పుడు పట్టాల మీదుగా ఫ్లైఓవర్ ఉంది. రైలు వెళ్లేదాకా ఆగే పని తప్పింది కానీ పేరులో గేటు అలాగే మిగిలిపోయింది. ఐఐటీ వైపు ఆటో ఎక్కేవాళ్లు ఇప్పటికీ ‘పూరీ గేట్’ అనే చెబుతారు.

ఈ రైల్వే ఊళ్లోని తెలుగు కుటుంబాలకు ప్రయాణాలు కొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు ఎక్కువ. వేసవి సెలవులంటే పలాస, శ్రీకాకుళం, విశాఖ, మహా అయితే పూరీ. ఇప్పుడు ఆ మాటల్లో అండమాన్ పేరు కూడా వినిపిస్తోంది. అందులోనూ సెల్యులార్ జైలు, స్వరాజ్ ద్వీప్ (పాత హేవ్‌లాక్) చూసి తిరిగొచ్చే ప్యాకేజీ కాకుండా, ఉత్తరం కొస దాకా రోడ్డు మీద వెళ్లాలన్న ఉత్సాహం కొందరిలో కనిపిస్తోంది.

అలా అనుకోగానే అందరూ చేసే మొదటి పని ఫోన్‌లో మ్యాపు తెరవడం. శ్రీ విజయపురం నుంచి దిగ్లిపూర్ దాకా 300 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ చూపిస్తుంది. (పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు.) ఖరగ్‌పూర్ నుంచి భువనేశ్వర్ వెళ్లినంత దూరం. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి చేరిపోవచ్చనిపిస్తుంది. నిజానికి బస్సులో రోజంతా పడుతుంది, ఒక్కోసారి 12 గంటలు. ఆ తేడాకు కారణం రోడ్డు గుంతలు మాత్రమే కాదు. ఈ ప్రయాణం కిలోమీటర్ల మీద కాక గేట్ల మీద నడుస్తుంది. వాటిలో ఒకటి అడవిది, ఒకటి సముద్రానిది, ఒకటి వానది. ఆ మూడింటి సంగతి తెలిశాకే టికెట్ కొనడం మంచిది.

ఇది చుట్టి వచ్చే రోడ్డు కాదు

దీవి చుట్టూ రోడ్డు ప్రయాణం అనగానే ఇప్పుడు చాలామందికి ఐస్‌లాండ్ గుర్తొస్తుంది. అక్కడ 1,322 కిలోమీటర్ల రింగ్ రోడ్డు 1974లో పూర్తయింది. కారు అద్దెకు తీసుకుని ఎడమవైపు నుంచి బయల్దేరితే కుడివైపు నుంచి తిరిగి మొదటి చోటికే వస్తారు. ఆ వీడియోలు చూసినవాళ్లు ప్రతి దీవిలోనూ అలాంటి వలయం ఒకటి ఉంటుందనుకుంటారు.

అండమాన్‌లో అలాంటిది లేదు. దక్షిణ అండమాన్, బారాటాంగ్, మధ్య అండమాన్, ఉత్తర అండమాన్ అన్నవి ఒకదాని వెనుక ఒకటి బోగీల్లా నిలిచిన దీవులు. మధ్యలో సన్నని సముద్రపు పాయలు. వాటన్నిటినీ కలుపుతూ వెళ్లేది ఒకే రోడ్డు. అదే అండమాన్ ట్రంక్ రోడ్డు, ఇప్పటి పేరు జాతీయ రహదారి 4. శ్రీ విజయపురం నుంచి జిర్కాటాంగ్, మిడిల్ స్ట్రెయిట్, బారాటాంగ్, కదంతలా, రంగత్, మాయాబందర్ మీదుగా దిగ్లిపూర్ చేరుతుంది. వెళ్లిన దారినే తిరిగి రావాలి, లేదంటే ఒకవైపు సముద్రం మీద రావాలి.

పాయలు దాటే చోట్ల పరిస్థితి కొంత మారింది. బారాటాంగ్‌కూ మధ్య అండమాన్‌కూ మధ్య హంఫ్రీ స్ట్రెయిట్ మీద ఇప్పుడు ఆజాద్ హింద్ ఫౌజ్ సేతు ఉంది. మధ్య, ఉత్తర అండమాన్‌లను కలుపుతూ ఆస్టిన్ స్ట్రెయిట్ మీద చెంగప్ప వంతెన ఉంది. దక్షిణ అండమాన్ నుంచి బారాటాంగ్ దాటే మిడిల్ స్ట్రెయిట్ దగ్గర మాత్రం బస్సుల్నీ, మనుషుల్నీ పంటు మీద ఎక్కించి అవతలికి చేర్చే పద్ధతే నడుస్తూ వచ్చింది.

వేసవి అంటే ఎప్పుడు?

తెలుగు రాష్ట్రాల్లో బడులకు సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి. అండమాన్ వేసవి అంత పొడుగు కాదు. దేశంలోకి నైరుతి రుతుపవనాలు ముందుగా అడుగుపెట్టేది అటువైపు నుంచే. సాధారణంగా మే మూడో వారం దాటగానే దక్షిణ అండమాన్ సముద్రాన్ని తాకుతాయి. 2025లో అయితే మే 13నే వచ్చేశాయి. మనకు రోహిణి ఎండలు మొదలయ్యేసరికే అక్కడ వాన పడుతుంటుంది. కాబట్టి సెలవుల మొదటి సగమే ఈ ప్రయాణానికి పనికొస్తుంది. ఏప్రిల్ నెల, మే మొదటి పది రోజులు అయితే మంచిది.

తుపాన్ల సంగతీ ఉంది. 2020లో ఆంఫన్, 2021లో యాస్ రెండూ మే నెలలో వచ్చినవే. ఖరగ్‌పూర్ వాళ్లకు వాటి గురించి వేరే చెప్పక్కర్లేదు. యాస్ తుపానుకు మూలమైన అల్పపీడనం ఉత్తర అండమాన్ సముద్రం, దాని పక్కనున్న బంగాళాఖాతం ప్రాంతంలోనే ఏర్పడింది. మనకు తుపానుగా చేరేది అక్కడ అప్పుడే మొదలవుతుంటుంది. సముద్రం బాగా లేకపోతే ముందు ఆగేది పడవలు, తర్వాత ఓడలు. అందుకే ఏ మే నెల ప్రణాళికలోనైనా కనీసం రెండు రోజులు ఖాళీగా వదలాలి. తిరుగు విమానానికి ముందు రోజు రాత్రి దిగ్లిపూర్‌లో ఉండేలా ఎవరూ ప్రణాళిక వేసుకోకూడదు.

ఇంకో చిన్న విషయం పెద్ద తేడా తెస్తుంది. అండమాన్ మనకు బాగా తూర్పున ఉంది కానీ గడియారం మనదే. మే నెలలో తెల్లవారుజామున 5 గంటలకు ముందే వెలుగొస్తుంది. సాయంత్రం 6 కాకముందే చీకటి పడుతుంది. పది గంటలకు తీరుబడిగా బయల్దేరేవాళ్లకు సగం రోజు పోయినట్టే.

ఖరగ్‌పూర్ నుంచి ఎలా?

రెండు దారులున్నాయి. హౌరాకు రైల్లో సుమారు 115 కిలోమీటర్లు, అక్కడి నుంచి కోల్‌కతా విమానాశ్రయం, అక్కడి నుంచి రెండు గంటలు పైబడిన విమాన ప్రయాణం. ఉదయం విమానమైతే ముందు రోజు రాత్రే కోల్‌కతాలో ఉండటం మేలు.

రెండోది ఓడ. కోల్‌కతా ఖిదిర్‌పూర్ డాక్ నుంచీ, విశాఖ నుంచీ, చెన్నై నుంచీ ప్రభుత్వ ప్రయాణికుల ఓడలు నడుస్తాయి. కోల్‌కతా నుంచి ప్రయాణం దాదాపు మూడు రోజులు. హుగ్లీ నదిలో పోటు చూసుకుని కదలాలి కాబట్టి బయల్దేరే గంట మారుతూ ఉంటుంది. ఓడలు రోజూ ఉండవు. విశాఖ నుంచి మరీ తక్కువ. పది రోజుల సెలవుల్లో రానూపోనూ ఓడ అంటే ఆరు రోజులు నీళ్ల మీదే గడిచిపోతాయి. ఓడ ప్రయాణమే కావాలనుకుంటే ఒకవైపుకు పెట్టుకోవచ్చు.

రైల్వే ఉద్యోగులు ఒక విషయం తమ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఎల్‌టీసీ కింద అండమాన్‌కు విమానంలో వెళ్లేందుకు ప్రత్యేక సడలింపు ఉంది. దాన్ని కేంద్రం విడతలవారీగా పొడిగిస్తూ వస్తోంది. రైల్వేలో ప్రివిలేజ్ పాస్‌లు ఉంటాయి కాబట్టి, ఆ పాస్ వదులుకున్నవారికే ఆల్ ఇండియా ఎల్‌టీసీ వర్తిస్తుంది. టికెట్ ఎక్కడ, ఎలా కొనాలన్న షరతులూ ఉంటాయి. కొన్న తర్వాత అడిగితే లాభం లేదు.

ఒకే రోడ్డు, అది వెళ్లేది ఎవరి అడవిలోంచి?

శ్రీ విజయపురం దాటి 40 కిలోమీటర్లు పైగా వెళ్తే జిర్కాటాంగ్ చెక్‌పోస్టు వస్తుంది. అక్కడ గేటు ఉంటుంది. రోజుకు కొన్ని నిర్ణీత వేళల్లోనే దాన్ని తెరుస్తారు. వాహనాలన్నిటినీ వరసలో నిలబెట్టి, ప్రయాణికుల వివరాలు రాసుకుని, పోలీసు కాపలాతో ఒకేసారి పంపుతారు. దీన్నే కాన్వాయ్ అంటారు. అది తప్పితే తర్వాతి కాన్వాయ్ దాకా ఆగాలి. చివరిది తప్పితే మర్నాడే. మిడిల్ స్ట్రెయిట్ దాకా దాదాపు 50 కిలోమీటర్లు వేగం మించకూడదు, ఆగకూడదు, ముందు బండిని దాటకూడదు, కెమెరా తీయకూడదు.

ఎందుకంటే ఆ అడవి జారవాలది. వేల ఏళ్లుగా అక్కడ వేట, సేకరణ మీద బతుకుతున్న ప్రజలు వాళ్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం వారి సంఖ్య 380. మన ఊళ్లో ఒక బడిలో చదివే పిల్లల సంఖ్య కంటే తక్కువ. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనల కింద వారి ప్రాంతం రిజర్వుగా ఉంది. అనుమతి లేకుండా అందులోకి వెళ్లడం నేరం.

రోడ్డు మాత్రం ఆ రిజర్వు లోంచే వేశారు. నిర్మాణం జరిగినంత కాలం జారవాలు ప్రతిఘటించారు, రెండువైపులా ప్రాణాలు పోయాయి. 1997-98 ప్రాంతంలో వాళ్లు బాణాలు పక్కనపెట్టి ఊళ్ల వైపు రావడం మొదలుపెట్టారు. 1999లో తట్టు వ్యాపించింది, 2006లో మళ్లీ వచ్చింది. మనకు టీకాతో పోయే రోగం, దాన్ని ఎన్నడూ ఎరగని చిన్న సమాజానికి ప్రాణాంతకం కావచ్చు.

2002 మేలో సుప్రీంకోర్టు, శేఖర్ సింగ్ కమిషన్ సిఫార్సులను తీసుకుని, రిజర్వులోంచి వెళ్లే భాగాలను మూసేయాలని ఆదేశించింది. రోడ్డు మూతపడలేదు. 2012 జనవరిలో బ్రిటన్ పత్రిక ‘ది అబ్జర్వర్’ ఒక వీడియో బయటపెట్టింది. తిండి ఆశ చూపి జారవా స్త్రీల చేత పర్యాటకుల ముందు నాట్యం చేయించడం అందులో ఉంది. దేశమంతా దుమారం రేగింది. చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. 2013 జనవరిలో సుప్రీంకోర్టు పర్యాటకులను ఆ దారిలో తాత్కాలికంగా నిషేధించింది. మార్చిలో ఆ నిషేధం తొలగింది. అప్పటి నుంచి పర్యాటకుల బండ్లు మళ్లీ వెళ్తూనే ఉన్నాయి.

వాటిలో చాలావాటి గమ్యం దిగ్లిపూర్ కాదు, బారాటాంగ్. అక్కడి సున్నపురాయి గుహలు, బురద అగ్నిపర్వతం ఒక్కరోజులో చూపించి సాయంత్రానికి తిరిగి తీసుకొస్తారు. అంటే రెండు గంటలు గుహ చూడటానికి జారవా అడవిని రెండుసార్లు దాటడం. దారిలో జారవాలు కనబడతారా అని అడిగేవాళ్లూ, కనబడొచ్చని ఊరించేవాళ్లూ ఉన్నారు. మనుషుల్ని చూడటానికి టికెట్ కొన్నట్టే అవుతుందది.

అక్కడివాళ్లకూ అదే రోడ్డు

ఇక్కడ రెండో పక్షం కూడా వినాలి. ఉత్తర, మధ్య అండమాన్‌లలో లక్షకు పైగా జనం ఉన్నారు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులుగా వచ్చిన కుటుంబాలను 1949 నుంచి అండమాన్‌లో స్థిరపరిచారు. అడవి కొట్టి, పొలం చేసుకుని బతికినవాళ్లు వాళ్లు. దిగ్లిపూర్ చుట్టుపక్కల పండే వరి, కూరగాయలు, పండ్లు దక్షిణానికి వెళ్తాయి. పెద్ద జబ్బు చేస్తే శ్రీ విజయపురంలోని గోవింద వల్లభ్ పంత్ ఆసుపత్రికే రావాలి. హెలికాప్టర్ ఉంది కానీ సీట్లు తక్కువ, రోగులకు ముందు ప్రాధాన్యం. ఓడ రోజూ ఉండదు. వాళ్ల దృష్టిలో ఆ రోడ్డు మూసేయడమంటే దారి మూసేయడమే.

కాబట్టి రోడ్డు ఉండాలా వద్దా అన్న ప్రశ్నకు సులువైన జవాబు లేదు. పర్యాటకుల విషయం వేరు. ఆపరేషన్‌కు వెళ్తున్న మనిషికి ప్రత్యామ్నాయం లేకపోవచ్చు. సెలవులకు వెళ్తున్న మనకు ఉంది.

సముద్రం మీదుగా వెళ్తే?

శ్రీ విజయపురంలోని ఫీనిక్స్ బే జెట్టీ నుంచి అండమాన్ ప్రభుత్వ నౌకాయాన విభాగం దీవుల మధ్య ఓడలు నడుపుతుంది. రంగత్‌కు వెళ్లేవి ఎక్కువ. వాటిలో కొన్ని స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్ మీదుగా వెళ్తాయి. మాయాబందర్‌కు, దిగ్లిపూర్ రేవైన ఏరియల్ బేకు వెళ్లేవి తక్కువ, వారంలో కొన్ని రోజులే. రాత్రంతా ప్రయాణం చేయాల్సి రావచ్చు.

చిక్కంతా టికెట్ల దగ్గరే. ఓడల పట్టిక ముందే ఖాయం కాదు. టికెట్లు సాధారణంగా ప్రయాణానికి కొద్ది రోజుల ముందే అమ్మకానికి వస్తాయి. స్థానికుల అవసరాలు ముందుంటాయి, అలా ఉండటం న్యాయం కూడా. ఛార్జీల్లోనూ స్థానికులకు రాయితీ ఉంటుంది. అందుకే తేదీలు ముందే రాసేసుకుని ఓడ వెతకడం కాక, ఓడ తేదీ తెలిశాక మిగతా రోజులు అమర్చుకోవాలి. హోటల్ గది కూడా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోవాలి.

ఇలా వెళ్తే రోడ్డు ప్రయాణం ఎక్కడుందని అడగొచ్చు. రిజర్వు దాటిన తర్వాత ఉంది. దిగ్లిపూర్ నుంచి మాయాబందర్, అక్కడి నుంచి రంగత్ దాకా సుమారు 150 కిలోమీటర్లు. కాన్వాయ్ లేదు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు, ఫొటో తీసుకోవచ్చు. కొండ అడవి, వరి మళ్లు, మడ చెట్ల పాయలు, అప్పుడప్పుడూ తూర్పున సముద్రం కనబడతాయి. ఈ దారికి ప్రైవేటు బస్సులు, ప్రభుత్వ బస్సులు, మాట్లాడుకునే టాక్సీలు ఉన్నాయి. మనంతట మనం నడుపుకునే అద్దె కార్లు దొరుకుతాయని నమ్ముకుని వెళ్లొద్దు.

ఉత్తరాన ఏముంది?

ఉత్తర అండమాన్ కఠినమైన నేల. దీవుల్లోకెల్లా ఎత్తయిన శాడిల్ పీక్ ఇక్కడే ఉంది, 730 మీటర్లకు పైగా. మన అరకు కంటే తక్కువ ఎత్తే కదా అనిపిస్తుంది. కానీ ఎక్కడం మొదలుపెట్టేది సముద్రం ఒడ్డున, కాలిపూర్ దగ్గర లామియా బే నుంచి. ఒకవైపే దాదాపు 8 కిలోమీటర్లు, పై సగం నిటారు అడవి దారి. అటవీ శాఖ అనుమతి, గైడు ఉండాలి. మే నెల ఉక్కలో పిల్లలతో, పెద్దవాళ్లతో శిఖరం దాకా వద్దు. ఒడ్డు వెంట మొదటి రెండు మూడు కిలోమీటర్లు నడిచి వెనక్కి రావడం కూడా మంచి ఉదయమే.

ఏరియల్ బే నుంచి పడవలో వెళ్తే రాస్, స్మిత్ అనే జంట దీవులు వస్తాయి. రెండింటినీ ఒక ఇసుక తిన్నె కలుపుతుంది. పాటు వేళ దాని మీద నడిచి ఒక దీవి నుంచి మరో దీవికి వెళ్లొచ్చు, పోటు వేళ అది మునుగుతుంది. పోటు వేళలు జెట్టీలో అడిగాకే పడవ మాట్లాడుకోవాలి. శ్రీ విజయపురం ఎదురుగా ఉండే పాత రాస్ దీవి వేరు. దాన్ని ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అంటారు.

బారాటాంగ్ వెళ్లలేదన్న లోటు ఉండదు. దిగ్లిపూర్ దగ్గర శ్యామ్‌నగర్‌లో బురద అగ్నిపర్వతాలు, రామ్‌నగర్ వైపు ఆల్‌ఫ్రెడ్ గుహలు ఉన్నాయి. ఆ గుహల్లో స్విఫ్ట్‌లెట్ పక్షులు గూళ్లు కడతాయి కాబట్టి అనుమతి ఉందో లేదో అటవీ శాఖను అడిగే వెళ్లాలి.

వేసవిలో దొరకనిది కూడా చెప్పాలి. కాలిపూర్ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే సముద్ర తాబేళ్లు ప్రధానంగా శీతాకాలంలో వస్తాయి. మే నెలలో వాటి కోసం వెళ్లి నిరాశపడొద్దు. వాగులు సముద్రంలో కలిసే చోట్ల ఉప్పునీటి మొసళ్లుంటాయి. హెచ్చరిక బోర్డున్న చోట మోకాలి లోతు నీళ్లలోకి కూడా దిగకూడదు.

ఈ నేల కదిలే నేల కూడా. 2002 సెప్టెంబరులో దిగ్లిపూర్ సమీపంలో 6.5 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2004 డిసెంబరు సునామీ నాటి భూకంపంలో నికోబార్ దీవులు కుంగితే, ఉత్తర అండమాన్ పశ్చిమ తీరం మీటరుకు పైగా పైకి లేచింది. నీళ్లలో ఉండాల్సిన పగడపు దిబ్బలు గాలిలో తేలాయి, ఉప్పునీరు అందక మడ అడవులు కొన్ని ఎండిపోయాయి.

భాష, డబ్బు, ఫోన్

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు ఈ ప్రయాణంలో ఎవరికీ లేని వెసులుబాటు ఒకటుంది. 2011 లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో ఎక్కువమంది మాతృభాష బెంగాలీ. తెలుగువాళ్లు 13 శాతానికి పైగా ఉన్నారు. శ్రీ విజయపురంలో శ్రీకాకుళం, విశాఖ యాస వినబడుతుంది, ఉత్తరానికి వెళ్తే బెంగాలీ వినబడుతుంది. ఇంట్లో తెలుగు, బజార్లో బెంగాలీ, ఆఫీసులో హిందీ మాట్లాడే ఖరగ్‌పూర్ మనిషికి ఆ మూడూ అక్కరకొస్తాయి.

ఊళ్ల పేర్లూ పలకరిస్తాయి. రంగత్ చుట్టుపక్కల పంచవటి, పర్ణశాల, దశరథ్‌పూర్, శబరి అనే ఊళ్లున్నాయి. భద్రాచలం దగ్గర పర్ణశాల చూసినవాళ్లకు అక్కడి బస్సు బోర్డు చూడగానే నవ్వొస్తుంది. మాయాబందర్ దగ్గర వేబీ గ్రామంలో కరెన్ ప్రజలుంటారు. 1925లో బ్రిటిష్‌వాళ్లు బర్మా నుంచి అడవి పనులకు తీసుకొచ్చిన కుటుంబాల వారసులు వాళ్లు.

చెన్నై నుంచి వేసిన సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమయ్యాక శ్రీ విజయపురంలో ఇంటర్నెట్ బాగుపడింది. రంగత్ దాకా ఆ కేబుల్ కొమ్మ ఉంది. అది దాటాక సిగ్నల్ మీద భరోసా పెట్టుకోవద్దు. మ్యాపులు ముందే ఫోన్‌లో దాచుకోవాలి. నగదు దగ్గర ఉంచుకోవాలి. రోజూ వేసుకునే మందులు రెట్టింపు తీసుకెళ్లాలి. అండమాన్ దీవులకు భారతీయులకు ప్రత్యేక పర్మిట్ అక్కర్లేదు కానీ గుర్తింపు కార్డు ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, పిల్లలవి కూడా.

పది రోజుల ప్రణాళిక ఎలా ఉంటుంది?

మొదటి రోజు విమానంలో శ్రీ విజయపురం. హోటల్‌కు వెళ్లే ముందే ఫీనిక్స్ బేలో ఓడల సంగతి కనుక్కోవాలి. రెండో రోజు సెల్యులార్ జైలు, మానవశాస్త్ర మ్యూజియం. దొరికిన ఓడను బట్టి ఆ రాత్రి లేదా మూడో రోజు ఉత్తరానికి. ఏరియల్ బేకు దొరకకపోతే మాయాబందర్, అదీ లేకపోతే రంగత్. ఎక్కడ దిగినా మిగతా దారి రోడ్డు మీద వెళ్లొచ్చు.

నాలుగు, అయిదు, ఆరు రోజులు దిగ్లిపూర్, కాలిపూర్‌లలో. వాటిలో ఏ రోజు సముద్రం ప్రశాంతంగా ఉంటే ఆ రోజు రాస్, స్మిత్ దీవులకు. ఏడో రోజు పొద్దున్నే బయల్దేరి చెంగప్ప వంతెన దాటి మాయాబందర్, కర్మాటాంగ్ తీరం. ఎనిమిదో రోజు రంగత్, ధనీనాలా మడ అడవిలో చెక్క బాట మీద నడక. తొమ్మిదో రోజు రంగత్ నుంచి ఓడలో శ్రీ విజయపురం. పదో రోజు ఖాళీ. రెండు రోజులు వదలమన్నాం కాబట్టి ఇంకొకటి కూడా కలిపి పదకొండో రోజున విమానం పెట్టుకుంటే ఇంకా నిశ్చింత.

తిరుగు ఓడ రద్దయి, వేరే గతి లేక రోడ్డు మీదే రావాల్సి వస్తే? అప్పుడు ప్రత్యేకంగా కారు మాట్లాడుకోకుండా మామూలు బస్సు ఎక్కండి. మీ కోసం ఇంకో బండి అడవిలోకి వెళ్లదు. కెమెరా, ఫోన్ సంచిలో పెట్టండి. కిటికీలోంచి ఏదీ విసరొద్దు, తినుబండారాలైనా సరే. పిల్లలకు ముందే చెప్పండి, మనం ఇప్పుడు వేరేవాళ్ల ఇంటి ముందు నుంచి వెళ్తున్నామని.

ఈ జాగ్రత్త ఎందుకో ఉత్తర అండమాన్ చరిత్రలోనే ఉంది. ఇప్పుడు మనం సెలవులకు వెళ్లే ఆ దీవి ఒకప్పుడు గ్రేట్ అండమానీ తెగలది. బో, జేరు, ఖోరా, చారి వంటి భాషలు అక్కడ మాట్లాడేవారు. 19వ శతాబ్దంలో బ్రిటిష్ స్థావరంతో పాటు వచ్చిన జబ్బులు వేలమందిని తుడిచిపెట్టాయి. 1961 నాటికి గ్రేట్ అండమానీలంతా కలిపి 19 మంది మిగిలారు. తర్వాత వారిని స్ట్రెయిట్ ఐలాండ్‌కు తరలించారు. బో భాష మాట్లాడే చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో కన్నుమూశారు. ఆమెతో మాట్లాడటానికి అప్పటికే ఆ భాషలో ఇంకెవరూ లేరు.

పూరీ గేట్ దగ్గర ఫ్లైఓవర్ కట్టి గేటు బాధ తప్పించారు. జిర్కాటాంగ్ గేటు అలాంటిది కాదు. అది మన ఆలస్యం కోసం పెట్టింది కాదు, అవతల ఉన్న 380 మంది కోసం పెట్టింది. సముద్రం మీదుగా వెళ్తే మనకు ఒకటి రెండు రోజులు ఎక్కువ పట్టొచ్చు. సెలవుల్లో మన దగ్గర ఉండేవి ఎలాగూ రోజులే.